"లోకస్థులుఁ దెగినఁ దుది...": ఇక్కడ తెగడమంటే నశించడమేనా?

భౌతికం టీచరు: పోతన గజేంద్రమోక్షంలోని కందం ఒకటి నిన్నటి నుంచి నోట్లో నానుతోంది. "లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగినఁ దుది..." ఆ తర్వాత నలోకంబా, నాలోకంబా? ఎమ్మెస్సీ పిల్లలకు క్వాంటం భౌతికంలో ఎవరెట్ అనే శాస్త్రవేత్త 1957 సిద్ధాంతం తెలుగులో చెబుతున్నాను. తరంగ ప్రమేయమంటే కణం స్థితిని చెప్పే గణిత రూపం; కొలిచినప్పుడు అది ఒకే ఫలితంగా కుప్పకూలదు, ఫలితాలన్నీ తలో శాఖలో నిలుస్తాయంటాడు. 'సమాంతర లోకాలు' అనబుద్ధి కావడం లేదు. ఇవి ఒకే మొదలు నుంచి చీలినవి. 'లోకాలు తెగడం' అనవచ్చా?

కందం మాస్టారు: నలోకంబే అమ్మా. గణాలు వేయండి: లోక, స్థులుదెగి, నదుదిన, లోకం, బగుపెం. ఆ మూడోది నలం, నాలుగు లఘువులు. 'నా' అంటే అయిదు మాత్రలై కందం చెడుతుంది. యతి కూడా లో-లోకే.

వరంగల్ అక్క: హ్రస్వం సరే మాస్టారూ, అర్థం? లోకృ ధాతువుకు చూడడమనేగా. తుదిన్, అలోకంబు అని విడదీస్తే అలోకమంటే చూపుకు అందనిది. పక్కనే పెంజీకటి ఉంది చూడండి.

కందం మాస్టారు: అది లాగడం. మూడుసార్లు లోకమని, నాలుగోసారి అర్థం మారుస్తాడా?

వరంగల్ అక్క: పోతన మారుస్తాడు! "ఎవ్వం డేకాకృతి" దగ్గర ఏకాకి వినిపించడం లేదూ?

న్యూజెర్సీ తమ్ముడు: అసలు ఆ ఘట్టమంతా క్వాంటమే. "కలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో"... ష్రోడింగర్ 1935లో ఊహలో పెట్టెలో పెట్టిన, తెరిచి చూసేదాకా బతికీ చచ్చీ ఉండే పిల్లి కదా అది!

భౌతికం టీచరు: కాదు తమ్ముడూ, ఇక్కడ నేను గట్టిగా నిలబడతాను. గజేంద్రుడిది సందేహం. ఉన్నవాడు ఉన్నాడు, ఏనుగుకు తెలియడం లేదు. అధ్యారోపణం, అంటే ఒకేసారి పలు స్థితులు కలిసి ఉండడం, తెలియకపోవడం కాదు. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా రెండు చీలికల మీదికి పంపినా తెర మీద చుక్క చుక్కగా చారలు పేరుకుంటాయి. ఏదో ఒక చీలికలోంచే పోయింది, మనకు తెలియదంతే అంటే ఆ చారలు ఎక్కడివి?

కందం మాస్టారు: బాగుంది. మీ ప్రశ్నకొస్తే, తెగినన్ అంటే నశించినన్. 'తుది' పక్కనే ఉంది.

వరంగల్ అక్క: తాడు తెగితే నశించిందంటామా? రెండు ముక్కలూ చేతిలోనే ఉంటాయి. తెగిన గాలిపటం ఎగురుతూనే ఉంటుంది.

భౌతికం టీచరు: అక్కా, ఆ తాడు రేపు క్లాసుకు తీసుకెళ్తాను. ఎవరెట్ తన వ్యాసానికి పెట్టిన పేరు 'సాపేక్ష స్థితి'. బహులోకాలన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది డెవిట్ అనే మరో భౌతిక శాస్త్రవేత్త, 1970లో. ఎవరెట్‌కు విశ్వమంతా ఒకే తరంగ ప్రమేయం.

న్యూజెర్సీ తమ్ముడు: ఏకాకృతి!

కందం మాస్టారు: ఏక, ఆకృతి. సవర్ణదీర్ఘం. ఏకాకిని మాత్రం ఒప్పుకోను.

వరంగల్ అక్క: సంధి ఒప్పుకున్నాను. పైకి చదివేటప్పుడు 'ఏకా' దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి మాస్టారూ.