రీసెర్చ్‌కి కొత్తయిన స్టాఫ్ నర్సులకు మెంటర్‌గా: మీటింగులు ఎలా నడపాలి, పేరు ఎక్కడ వేయాలి?

వార్డు_టు_థీసిస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రెషర్ అల్సర్ల (ఎక్కువకాలం మంచంలో ఉన్నవాళ్లకు ఒత్తిడి వల్ల పడే పుండ్ల) రిస్క్ మీద ఒక పరిశీలనా అధ్యయనం మొదలుపెడుతున్నాం. ఆ రిస్క్‌కు స్కోరు వేసే బ్రేడెన్ స్కేల్‌తో డేటా తీసుకోవడానికి ఇద్దరు స్టాఫ్ నర్సులు ముందుకొచ్చారు. ఇద్దరికీ రీసెర్చ్ కొత్త, పైగా షిఫ్టులు మారుతూ ఉంటాయి. వాళ్లకు మెంటర్‌ని నేనే.

రెండు సందేహాలు. మీటింగులు నాలుగు వారాలకే ఆగిపోకుండా ఎలా నడపాలి? పేపర్ వచ్చేటప్పుడు వీళ్ల పేర్లు రచయితల్లో ఉండాలా, కృతజ్ఞతల్లో ఉండాలా? "డేటా తెచ్చినంత మాత్రాన ఆథర్ అయిపోరు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది ఎంతవరకు సరైనది? వాళ్ల శ్రమకు ఉత్త థాంక్స్ చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

డ్రాఫ్ట్_రీడర్

మొదటి మీటింగులో స్కేలు, శాంపిల్ సైజు జోలికి వెళ్లకండి. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఎన్ని వారాలకోసారి కలుస్తారు, డ్రాఫ్టు ఇస్తే మీరు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఏ వేళల్లో ఫోన్ చేయొచ్చు, డేటా షీట్లు ఎక్కడ భద్రపరుస్తారు, ఎవరైనా మధ్యలో మానుకోవాలంటే ఎలా అప్పగించాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఆథర్‌షిప్ అంచనా కూడా అప్పుడే రాయాలి. పని మారితే అంచనా మారుతుందని పక్కనే రాస్తే చాలు.

మీటింగులు ఆగిపోవడానికి ఎక్కువగా కారణం రోస్టరే. "ప్రతి మంగళవారం నాలుగింటికి" అని పెట్టుకుంటే రెండో వారానికే ఒకరు ఈవినింగ్ డ్యూటీలో ఉంటారు. వారం పేరుతో కాకుండా, రోస్టర్ వచ్చిన రోజే ఆ నెలకు రెండు తేదీలు ఖాయం చేయండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం వద్దు. నిద్రలేని మనిషికి మెథడాలజీ చెప్పి లాభం లేదు.

నలభై నిమిషాలు సరిపోతాయి. ముందు రోజు వాళ్లే మూడు ప్రశ్నలు పంపాలి, మీటింగ్ వాటితోనే మొదలవ్వాలి. అజెండా మీరు రాస్తే అది వార్డు మీటింగులా మారిపోతుంది, వాళ్లు తలూపి వెళ్లిపోతారు. ముగిశాక ఏం నిర్ణయించారో, ఎవరు ఎప్పటికి ఏం చేయాలో వాళ్లే ఐదు వాక్యాల్లో రాసి పంపాలి. వాళ్లకు ఏం అర్థమైందో మీకు అందులోనే కనబడుతుంది.

ఇంకో మాట. మొదటి డ్రాఫ్టులో భాష దిద్దకండి. ప్రశ్న స్పష్టంగా ఉందా, పద్ధతి ఆ ప్రశ్నకు సరిపోతుందా, టేబుళ్లలో అంకెలు కూడితే మొత్తం వస్తోందా, ఈ మూడే చూడండి. పేజీ నిండా ఎర్ర గీతలు చూసిన కొత్తవాళ్లు రెండో డ్రాఫ్టు పంపడానికి జంకుతారు, పంపినా మీ వాక్యాలే మీకు తిరిగొస్తాయి.

ఎథిక్స్_డెస్క్

ఆథర్‌షిప్ సంగతి నేను చెబుతాను. "డేటా తెస్తే ఆథర్ కారు" అన్నది సగం మాటే.

చాలా వైద్య పత్రికలు పాటించే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) ప్రమాణాలు నాలుగు. మొదటిది, ఆలోచనకో డిజైన్‌కో, లేదా డేటా సేకరణ, విశ్లేషణ, అన్వయాల్లో ఏదో ఒకదానికో గణనీయమైన తోడ్పాటు. రెండోది, డ్రాఫ్టు రాయడం లేదా దాని విషయాన్ని లోతుగా సమీక్షించడం. మూడోది, తుది ప్రతికి ఆమోదం. నాలుగోది, ఆ పనికి జవాబుదారీగా ఉంటామని ఒప్పుకోవడం. నాలుగూ ఉంటేనే ఆథర్.

మొదటి ప్రమాణంలోనే డేటా సేకరణ ఉందని గమనించండి. అది నెరవేర్చినవాళ్లకు మిగతా మూడింటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా ఐసీఎంజేఈ చెబుతుంది. డ్రాఫ్టు చూపించకుండా ఉంచి, "రెండో ప్రమాణం తీరలేదు కాబట్టి ఆథర్లు కారు" అనడం అన్యాయం. నర్సింగ్ పరిశోధనలో వార్డు సిబ్బంది పేర్లు జారిపోయేది ఇక్కడే. మీ ఇద్దరికీ డ్రాఫ్టు పంపి, చదవడానికి రెండు వారాల గడువిచ్చి, వ్యాఖ్యలు రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లు వద్దంటే అప్పుడు కృతజ్ఞతల్లోకి.

కృతజ్ఞతల్లో పేరు వేసే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. పేరు చూస్తే ఫలితాలతో వాళ్లు ఏకీభవించినట్టు పాఠకులు అనుకునే అవకాశం ఉంది. వాక్యం కూడా వివరంగా ఉండాలి. "సహకరించిన సిబ్బంది అందరికీ ధన్యవాదాలు" అంటే ఎవరికీ చెప్పనట్టే. "రిస్క్ స్కోర్ల నమోదు, రేటర్ల (స్కోరు వేసేవాళ్ల) శిక్షణ నిర్వహించిన ఫలానా వారికి" అని రాస్తే, రేపు ఉద్యోగానికో పై చదువుకో అప్లై చేసుకునేటప్పుడు వాళ్లు దాన్ని చూపించుకోగలరు.

పత్రిక క్రెడిట్ (CRediT, ఎవరు ఏ పని చేశారో పాత్రలుగా చూపే పద్ధతి) పాత్రల పట్టిక అడిగితే అందులో 14 పాత్రలుంటాయి. డేటా సేకరణ "ఇన్వెస్టిగేషన్" కిందికి, మెంటరింగ్ "సూపర్విజన్" కిందికి వస్తాయి. ఆ పట్టిక ఎవరు ఏం చేశారో చెబుతుంది, ఎవరు ఆథరో తేల్చదు. ఇద్దరితోనూ ఇప్పుడే ఆర్కిడ్ (ORCID, పరిశోధకుల గుర్తింపు) నంబర్ తీయించండి. ఉచితం, 16 అంకెలు, ఇంటిపేరు మారినా సంస్థ మారినా ఆ రికార్డు వాళ్ల వెంటే ఉంటుంది.

కప్పా_వెయిటెడ్

పై ఇద్దరూ చెప్పినదానికి నా వంతు. డేటా మొదలయ్యే ముందు రేటర్ శిక్షణ పెట్టండి. మెంటరింగ్ సగం అక్కడే జరుగుతుంది.

బ్రేడెన్‌లో ఆరు అంశాలు. ఐదింటికి 1 నుంచి 4, ఘర్షణ-ఒరిపిడికి 1 నుంచి 3. మొత్తం 6 నుంచి 23, తగ్గేకొద్దీ రిస్క్ ఎక్కువ. ఇద్దరూ ఒకే రోగిని, ఒకే పూట, ఒకరి షీటు ఒకరు చూడకుండా స్కోర్ చేయాలి. పైలట్‌గా ఇరవై మందిని చేశాక మీరు ముగ్గురూ కూర్చుని, తేడా వచ్చిన వరుసలు మాత్రమే చూడండి.

పోషణ అంశం దగ్గర జాగ్రత్త. స్కేలు అడిగేది రోగి మామూలుగా ఎంత తింటారని. ఒక్క షిఫ్టే చూసిన నర్సు ఆ పూట ప్లేటును బట్టి వేస్తే, ఒకరు 2 రాసిన చోట ఇంకొకరు 3 రాస్తారు. తప్పు మనిషిది కాదు, సూచనలది. ఇన్‌టేక్ చార్టు ఎన్ని రోజులది చూడాలో మాన్యువల్‌లో రాసేయండి. ఆ వాక్యాన్ని వాళ్ల చేతే రాయించి, వెర్షన్ పక్కన వాళ్ల పేరు, తేదీ వేయించండి. రేపు పేపర్లో మెథడ్స్ రాసేటప్పుడు ఆ భాగం ఎవరి పని అన్న ప్రశ్నే రాదు.

అంశాల వారీగా ఏకీభావం లెక్కకు వెయిటెడ్ కప్పా (ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో, తేడా ఎంత పెద్దదో కూడా లెక్కలోకి తీసుకుని చెప్పే కొలత) వాడండి. మామూలు కప్పా 1కి 2కి మధ్య తేడానూ, 1కి 4కి మధ్య తేడానూ ఒకేలా చూస్తుంది. మొత్తం స్కోరుకు ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్, అంకెల స్కోర్ల ఏకీభావాన్ని చెప్పే కొలత). ఇవి మీకు పట్టు లేని విషయాలైతే గణాంకాలకు వేరే మెంటర్‌ని కలుపుకోండి. నైటింగేల్ అంతటామె సైనిక మరణాల లెక్కల మీద పనిచేసినప్పుడు విలియం ఫార్ అనే గణాంకవేత్త తోడ్పాటు తీసుకున్నారు. అన్నీ ఒక్క మెంటరే చెప్పాలని ఎక్కడా లేదు.

మెచ్చుకోలు కూడా ఇదే పద్ధతిలో ఉండాలి. "చాలా బాగా చేశారు" అని ఊరుకోకుండా, "ఏడో రోగి షీటులో తేమ స్కోరు ఖాళీగా ఉందని మీరు అదే రోజు పట్టుకున్నారు, మర్నాడైతే అది తిరిగి దొరికేది కాదు" అనండి. ఏది మళ్లీ చేయాలో అప్పుడు తెలుస్తుంది. తప్పులు ఒక్కరితో విడిగా, మెచ్చుకోలు వాళ్ల వార్డు ఇన్‌చార్జి ఉన్నప్పుడు.

వార్డు_టు_థీసిస్

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. డ్రాఫ్టు చూపించే గడువు ఒప్పందంలోనే రాస్తాను. ఇంకొక్క సందేహం: విభాగాధిపతి పేరు చివర్లో వేయడం ఆనవాయితీ అంటారు. అనుమతులన్నీ ఆయనే ఇప్పించారు. ఏం చేయాలి?

ఎథిక్స్_డెస్క్

అనుమతులు ఇప్పించడం, నిధులు తేవడం, విభాగాన్ని మొత్తంగా పర్యవేక్షించడం, వీటిలో ఏదీ ఒక్కటే ఆథర్‌షిప్‌కు చాలదు. వాటికి కృతజ్ఞతలే తగిన చోటు. పేపర్ పూర్తయ్యాక చెబితే అవమానంగా తోస్తుంది కాబట్టి ఇప్పుడే ఒప్పందం పేజీ ఆయనకు చూపించండి. నాలుగు ప్రమాణాలు దాని మీదే అచ్చువేసి, "మీరు డ్రాఫ్టు సమీక్షలో కూడా ఉంటారా, సార్?" అని అడగండి. ఆలోచనలోనో డిజైన్‌లోనో నిజంగా పనిచేసి, డ్రాఫ్టు చదివి వ్యాఖ్యలు రాసి, మిగతా రెండూ ఒప్పుకుంటే ఆయన ఆథరే. లేదంటే కృతజ్ఞతల్లో మొదటి వాక్యం ఆయనకు ఇవ్వండి, ఏయే అనుమతులు ఇప్పించారో పేరుపేరునా రాసి.