ఎర్రచీమలున్న చెట్టుకి పండు ఈగ రాదా?

నూజివీడు రైతు:
మాది నాలుగెకరాల మామిడి తోట, చిన్న రసాలే ఎక్కువ. బోరు పక్కనున్న రెండు చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలున్నాయి. కూలీలు ఆ చెట్లెక్కమంటే ససేమిరా అన్నారు. చొక్కాలో దూరి కుడతాయి మరి! చివరికి నేనే చిక్కంతో దింపాను. గడ్డిలో మగ్గేశాక చూస్తే రెండు కాయల్లోనే పండు ఈగ పురుగు. మిగతా చెట్లవి కోస్తే టెంక పక్కనుంచి తెల్ల పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి. చీమలు ఈగల్ని తినేస్తున్నాయా, ఈగే ఆ కాయ వద్దనుకుంటోందా? మందు కొట్టి చీమల్ని చంపెయ్యమని మా బావమరిది ఒకటే గొడవ.

పురుగుల పిచ్చోడు:
కొట్టకండన్నా. ఎగిరే ఈగ చీమకి చిక్కడం తక్కువ, ఈగ తప్పుకోవడమే ఎక్కువ. గుడ్డు పెట్టాలంటే తొక్కలోకి సూది గుచ్చి కాసేపు కదలకుండా ఉండాలి కదా, దానికి గండం అప్పుడే. ఆఫ్రికాలోని బెనిన్‌లో చీమలు తిరిగిన మామిడికాయల్ని ఈగల ముందు పెట్టి చూశారు, 2009లో అచ్చయింది. వాటిమీద వాలడానికే జంకాయట. వాలినవీ చాలావరకు గుడ్డు పెట్టకుండానే లేచిపోయాయి. చీమలు కాయమీద వదిలిన జాడే చాలు. అక్కడి చీమ మన చీమకి దాయాది. అక్కడి ఈగల్లో ఒకదానికి అప్పట్లో వేరే పేరు పెట్టారు గానీ, అది మన మామిడి ఈగేనని 2015లో తేలింది.

బత్తాయి:
వంటింట్లో అరటిపండు చుట్టూ తిరిగే బుల్లి ఈగలదీ ఇదే కథ. వాటి పిల్లపురుగుల్లో గుడ్లు పెట్టే సన్నటి కందిరీగలున్నాయి. ఆ కందిరీగకి నిమ్మజాతి పళ్ల వాసన పడదు. ఈగకేమో గుడ్లు పెట్టడానికి నారింజే ఇష్టం! జర్మనీలో యేనాలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ వాళ్లు 2013లో చెప్పారిది.

పెద్దాయన:
చీమలుంటే చెట్టు రసం పీల్చే పిండినల్లి కూడా పెరుగుతుంది, అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. అదీ చూసుకో. అయినా రెండు చెట్లతో ఏం తేలుతుంది బాబూ? అన్నీ ఒకే రోజు కోశావా?

నూజివీడు రైతు:
దొరికిపోయాను బాబాయ్. ఆ రెండూ వారం ముందే దింపాను. మిగతావి కోసేలోపు రెండు వానలు పడ్డాయి. వచ్చే ఏడు అన్నీ ఒకే రోజు కోసి, చెట్టుకి యాభై కాయలు విడిగా మగ్గేసి లెక్క రాస్తాను. మందు డబ్బా కొట్టుకి తిరిగిచ్చేశా, బావమరిదికి ఇంకా చెప్పలేదు.