గ్రిమ్స్‌పౌండ్ చుట్టుగోడ ఎందుకు కట్టారు? కోటకా, దొడ్డికా?

శిలాక్షరం:
ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ బీడుకొండల్లో కంచుయుగపు గుండ్రటి ఇళ్ల రాతి పునాదులు వేలల్లో ఉన్నాయి. నా వాదన అక్కడి గ్రిమ్స్‌పౌండ్ అనే పాత ఊరి గురించి. 24 ఇళ్లు, లోపలి నేల సుమారు మూడున్నర ఎకరాలు, చుట్టూ పెద్దపెద్ద గ్రానైట్ రాళ్ల గోడ. పడిపోయాక కూడా కొన్నిచోట్ల మూడు మీటర్లు దాటిన వెడల్పు. గొర్రెల్ని ఆపడానికి ఇంత మందం అక్కర్లేదు. ఇది రక్షణ గోడే.

గుట్టబాట:
శిలాక్షరం గారూ, ముందు ద్వారం చూడండి. ఆగ్నేయంగా, హేమెల్‌డౌన్ కొండ వాలుకి ఎదురుగా ఉంది. పై నుంచి వచ్చేవాడికి ఊరంతా అరచేతిలో కనిపిస్తుంది. కోట కట్టేవాళ్లు ద్వారాన్ని అలా ఎత్తైన వాలు వైపు పెట్టరు. ఇక వెడల్పంటారా, అది కూలిన రాళ్లు రెండువైపులా పరుచుకున్న వెడల్పు. కొలవాలంటే నిలబడి ఉన్న లోపలి ముఖం నుంచి బయటి ముఖం దాకా కొలవాలి. 1894లో తవ్వినవాళ్లు కొంత గోడను మళ్లీ పేర్చారు, ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పునాదిరాయి:
దొడ్డి అనడానికీ తొందరపడొద్దండి. డార్ట్‌మూర్‌లోనే ఉన్న షా మూర్‌లో తవ్విన ఒక ఆవరణకి ద్వారమే దొరకలేదు. పశువులు ఎలా వెళ్తాయి? అక్కడ గోడ పని పశువుల్ని ఇళ్ల మధ్యకి రానీయకపోవడమే అని నా నమ్మకం. అదే మూర్‌లో పొలాల హద్దు కందకంలో ఆవులు, గొర్రెలు, గుర్రాల గిట్టల ముద్రలు బురదలో నిలిచాయి. ఎముకలు మాత్రం ఆమ్లపు నేలలో కరిగిపోతాయి. అందుకే ఎముకలు లేవు కాబట్టి పశువులు లేవనడం తప్పు.

శిలాక్షరం:
ద్వారం మాట ఒప్పుకుంటాను. కానీ ఇవి ఇళ్లే అని ఎలా? మన తెలంగాణ రాకాసి గుళ్ల వలయాలు సమాధులు కదా.

గుట్టబాట:
సమాధి వలయానికి మామూలుగా ఇంటి వాకిలి లాంటిది ఉండదు. గ్రిమ్స్‌పౌండ్ మూడో ఇల్లు చూస్తే రెండు ముఖాల గోడ, గాలికి అడ్డంగా వంపు తిరిగిన చిన్న వసారా, లోపల రాళ్లు పరిచి ఎత్తు చేసిన అరుగు, పొయ్యి. అది మనుషులు పడుకున్న చోటు.

పునాదిరాయి:
దొడ్డి సంగతి తేల్చాలంటే మట్టిలో ఫాస్ఫేట్ చూడాలి, పేడ పడ్డచోట అది పెరుగుతుంది. పైమట్టి పనికిరాదు, తర్వాతి శతాబ్దాల గొర్రెలు అక్కడ మేసి లెక్క చెడగొట్టాయి. కూలిన గోడ కింద మూసుకుపోయిన పాత నేల నుంచే తీయాలి, గోడకి లోపల, బయట రెండువైపులా.