మెడికెయిడ్‌పై సెనేటర్ హాలీ అసలు వైఖరి ఏమిటి? తెలిసినవారు వివరించగలరు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర సెనేటర్ జాష్ హాలీ, పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌లో కోతలు నైతికంగా తప్పని, రాజకీయంగా ఆత్మహత్యతో సమానమని 2025 మే నెలలో ఒక వ్యాసం రాశారు. అయినా జూలై 1న, ఆ పథకం వ్యయాన్ని భారీగా తగ్గించే బిల్లుకు అనుకూలంగానే ఓటు వేశారు. ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో 51-50 తేడాతో గట్టెక్కిన ఆ బిల్లు, హాలీ ఒక్కరు ఎదురు తిరిగినా వీగిపోయేదే. విచిత్రమేమిటంటే, మెడికెయిడ్ ఖర్చులో తమ వాటా సమకూర్చుకునేందుకు ఆసుపత్రులపై రాష్ట్రాలు విధించే పన్నులకు ఆ బిల్లు పెట్టిన కొత్త పరిమితులను తొలగించాలని, గ్రామీణ ఆసుపత్రుల నిధిని 5,000 కోట్ల డాలర్ల నుంచి 10,000 కోట్లకు పెంచాలని అదే నెలలో ఆయనే మరో బిల్లు ప్రవేశపెట్టారు.

లబ్ధిదారులకు నెలకు 80 గంటల పని నిబంధనను ఆయన సమర్థిస్తున్నారు కనుక, ఆయన అభ్యంతరమంతా ఆసుపత్రుల ఆదాయం గురించేనా, లేక లబ్ధిదారుల అర్హత గురించి కూడానా అన్నది నాకు తేలడం లేదు. మొదటిదేనని నా అనుమానం.

మిస్సోరీ ఓటర్లు 2020 ఆగస్టులో మెడికెయిడ్ విస్తరణను (తక్కువ ఆదాయం ఉన్న మరింత మంది వయోజనులకు దాన్ని వర్తింపజేయడాన్ని) రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు. అటువంటప్పుడు కేంద్ర నిధులు తగ్గితే ఆ భారాన్ని రాష్ట్ర బడ్జెట్ ఎలా మోయాలన్న విషయమై హాలీ ఎక్కడైనా స్పష్టంగా మాట్లాడారా? ఆయన సెనేట్ ప్రసంగాల పాఠాలను ఎక్కడ వెతకాలో, ఆ రెండో బిల్లు కమిటీలో ఏ దశలో ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.