పద్దెనిమిదేళ్లు నిండి ఆశ్రమం వదిలిన అబ్బాయి అద్దె గదిలో కుదురుకోవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న – విజయవాడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. సాయంకాలాలు మా దగ్గరకు చదువుకోవడానికి వచ్చే ఒక అబ్బాయి గురించి సలహా కోరుతున్నాను. చిన్నతనంలో ఇల్లు విడిచి రైలెక్కి వచ్చి, కొంతకాలం స్టేషన్‌లో ఖాళీ నీళ్ల సీసాలు ఏరి అమ్ముకుని బతికాడు. తరువాత బాలల సంక్షేమ సమితి (ఆదరణ లేని పిల్లల సంరక్షణను నిర్ణయించే ప్రభుత్వ సమితి) ఉత్తర్వుతో ఒక ఆశ్రమంలో చేరి పదో తరగతి పూర్తిచేశాడు. ఇటీవల పద్దెనిమిదేళ్లు నిండడంతో ఆశ్రమం విడిచిపెట్టవలసి వచ్చింది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని దొరికింది. మేము నలుగురం కలిసి అడ్వాన్సు కట్టి ఒక గది కూడా ఇప్పించాము. అయినా కొన్ని రాత్రులు గదికి వెళ్లకుండా మళ్లీ ప్లాట్‌ఫారం మీదే పడుకుంటున్నాడని తెలిసింది. అడిగితే, "గదిలో ఏ చప్పుడూ ఉండదు మేడమ్, నిద్ర పట్టదు" అన్నాడు. ఇటువంటి వారికి ప్రభుత్వపరంగా రావలసిన సహాయం ఏమైనా ఉందా? అతని మీద పెత్తనం చేసినట్టు కాకుండా మేము తోడుగా ఉండటం ఎలా?

జవాబు 1 – గతంలో బాలల సంరక్షణ విభాగంలో పనిచేసిన వ్యక్తి

మేడమ్ గారూ, తప్పకుండా ఉంది. సంరక్షణ సంస్థను విడిచే పద్దెనిమిదేళ్ల వారికి ఆర్థిక సహాయం అందించేందుకు 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. 2016 నమూనా నియమాల ప్రకారం ఈ అనంతర సంరక్షణ ఇరవై ఒక్క ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితులలో మరో రెండేళ్ల వరకు కొనసాగవచ్చు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించారు. అది యువకుడి బ్యాంకు ఖాతాలోనే జమ కావాలి.

పిల్లవాడు సంస్థను విడవడానికి రెండు నెలల ముందే కేస్‌వర్కర్ తదుపరి ప్రణాళిక రాసి సమితికి సమర్పించాలన్నది నియమం. మీ అబ్బాయి విషయంలో అది జరిగిందో లేదో ముందుగా ఆశ్రమంలో కనుక్కోండి. జరగకపోయినా నిరాశపడకుండా, సమితి ఉత్తర్వు ప్రతి, ఆశ్రమం ఇచ్చిన విడుదల పత్రం, పదో తరగతి మార్కుల జాబితా తీసుకుని అతనితో కలిసి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా అయితే, ఇప్పుడు మళ్లీ గుర్తింపు పత్రాలు, కొత్త సంతకం నమూనా ఇస్తే తప్ప లావాదేవీలు సాగవు. చాలామందికి డబ్బు అక్కడే ఆగిపోతుంది.

అతను చెప్పిన నిద్ర సంగతిని తేలికగా తీసుకోకండి. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి కూడా ఆ నియమాలలోనే ఉంది. ఏళ్ల తరబడి హాలులో పదిమంది మధ్య పడుకున్న పిల్లవాడికి ఒంటరి గది భయం కలిగించడం సహజం. అదే ఆశ్రమం నుంచి వచ్చిన మరొకరితో గది పంచుకునే వీలుందేమో చూడండి.

జవాబు 2 – హైదరాబాద్ నుంచి, బాలికల ఆశ్రమంలో పెరిగిన ఒక నర్సు

మేడమ్ గారూ, మీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆశ్రమంలో గంట కొడితే అన్నం, గంట కొడితే చదువు. బయటకు వచ్చాక ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలో, గ్యాస్ బండ ఎలా బిగించాలో, జీతం నెలాఖరు దాకా ఎలా సర్దుకోవాలో నాకు తెలియదు, అడగడానికి సిగ్గు. కాబట్టి "ఏమైనా కావాలంటే అడుగు" అని ఊరుకోకుండా, ఒక ఆదివారం అతనితో బజారుకు వెళ్లి సరుకులు కొని, అక్కడే వండి, కలిసి తినండి.

కాగితాల విషయంలో ఒక మాట. ఆధార్‌లో ఆశ్రమం చిరునామా ఉంటుంది, ఇంటి ఓనరు కొత్త చిరునామా అడుగుతారు, ఏ దరఖాస్తు చూసినా తండ్రి పేరు, సంరక్షకుని ఫోను నంబరు అడిగే గళ్లు ఉంటాయి. ఆ ఫోను నంబరు గడిలో మీలో ఎవరైనా ఒకరు మీ నంబరు రాయించండి. చూడటానికి చిన్న పనే గానీ, ఆ గడి ఖాళీగా వదిలి ఫారం ఇచ్చిన ప్రతిసారీ నా చేయి వణికేది. (తల్లిదండ్రులను పదేళ్ల లోపే కోల్పోయి, చూసుకునేవారు ఎవరూ లేక గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో చేరిన వారు మన రెండు రాష్ట్రాలలోనూ బి.సి. ఏ జాబితాలో ఉన్నారు. మీ అబ్బాయికి ఇంటివారు ఉన్నట్టుంది కనుక వర్తించకపోవచ్చు. ఇది చదివే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.)

అన్నిటికన్నా ముఖ్యం, పని పోయినప్పుడు గాని, అద్దె బాకీ పడినప్పుడు గాని మీ ముఖం చూడలేక అతను దూరం జరుగుతాడు. అప్పుడు మీరే వెతుక్కుంటూ వెళ్లాలి. సంక్రాంతికి షెడ్డు మూసేస్తారు, మెస్సు మూసేస్తారు, పక్క గదుల వాళ్లందరూ ఊళ్లకు పోతారు. ఆ మూడు రోజులూ అతను ఎక్కడ తింటాడో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

జవాబు 3 – నగర నిరాశ్రయుల వసతి గృహంలో పనిచేసే వ్యక్తి

ఆశ్రమం ముఖమే చూడని యువకులకు పైన చెప్పిన అనంతర సంరక్షణ అందదు. లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి గాని, ఉన్న చోట కూడా పెద్దల మధ్య, ఒక్కోసారి తాగి వచ్చిన వారి మధ్య పడుకోలేక పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు మళ్లీ రోడ్డు మీదకే వెళ్లిపోవడం చూస్తున్నాను. వారికి విడిగా వసతి కల్పించాలని గట్టిగా కోరవలసిన అవసరం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం అతనితో కలిసి దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తున్నాము. అదే ఆశ్రమంలో పెరిగి, ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర హోటల్‌లో పనిచేస్తున్న మరో అబ్బాయి గదిలో చేరడానికి ఒప్పుకున్నాడు. ఇంకొక్క సందేహం: షెడ్డు యజమానికి ఇతని గతం గురించి ఎంతవరకు చెప్పవచ్చు?

జవాబు 2 రాసినవారు

అతన్ని అడగకుండా ఒక్క ముక్క కూడా చెప్పవద్దండి. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో అతనే నిర్ణయించుకోవాలి. యజమాని అడిగితే, "మా దగ్గర చదువుకున్న అబ్బాయి, ఏ అవసరం వచ్చినా నాకు ఫోను చేయండి" అంటే చాలు.