ఫంక్షన్ హాల్ మసక వెలుతురులో వైర్‌లెస్ ట్రిగ్గర్‌తో ఫ్లాష్ వాడటం ఎలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)
అందరికీ నమస్కారం. వచ్చే నెల నాగోల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో మా పెదనాన్నగారి అమ్మాయి రిసెప్షన్ ఉంది. వేదిక మీది పసుపు దీపాలు తప్ప అక్కడ వెలుతురు అంతంత మాత్రమే. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 దాకా పెంచితే నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తోంది, కెమెరా మీదే ఫ్లాష్ పెడితే ముఖాలు పాలిపోయి వెనకంతా చీకటవుతోంది. అందుకని కోఠిలో ఒక ఫ్లాష్, దాన్ని కెమెరాకు దూరంగా స్టాండు మీద పెట్టి వెలిగించడానికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ట్రిగ్గర్ తీసుకున్నాను. షట్టర్ వేగం 1/500 సెకను పెడితే ఫొటోలో కొంత భాగం నల్లగా వస్తోంది. ఇది ట్రిగ్గర్ లోపమా? సెట్టింగులు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1
లోపం ట్రిగ్గర్‌ది కాదండి. షట్టర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది పూర్తిగా తెరుచుకున్నాక, రెండోది కదలకముందే ఫ్లాష్ వెలగాలి. చాలా కెమెరాల్లో ఇది 1/200 లేదా 1/250 వరకే కుదురుతుంది (దీన్నే సింక్ వేగం అంటారు), ఆ వేగం దాటితే రెండో తెర అడ్డుపడిన మేర ఫొటో నల్లబడుతుంది. అంతకన్నా వేగంలోనూ ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్ ఉన్నా, అందులో ఫ్లాష్ శక్తి బాగా తగ్గుతుంది గనుక అది ఎండలో పనికొచ్చేదే తప్ప మీ హాల్లో కాదు.

పైగా చీకట్లో మీకు కావలసింది నిదానమైన షట్టర్. ఫ్లాష్ మెరుపు క్షణంలో ముగుస్తుంది కాబట్టి, సింక్ వేగం లోపల ఉన్నంతవరకు షట్టర్ మార్చినా ముఖం మీది ఫ్లాష్ వెలుతురు మారదు, వెనక దీపాల వెలుతురే మారుతుంది. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, ఎఫ్/4 లాంటి అంకె), ఐఎస్ఓ మాత్రం రెండింటినీ మారుస్తాయి. ముందు ఫ్లాష్ ఆపి 1/60, ఎఫ్/4, ఐఎస్ఓ 1600తో ఒక ఫొటో తీసి, డెకరేషన్ దీపాలు మీకు నచ్చినట్టు వచ్చేదాకా షట్టర్‌ను సవరించుకోండి. ఆ తరువాతే ఫ్లాష్‌ను మాన్యువల్‌లో, పూర్తి శక్తిలో 1/16 వంతు దగ్గర వెలిగించి చూడండి. ఫ్లాష్ స్టాండును రెట్టింపు దూరానికి జరిపితే ముఖం మీద నాలుగో వంతు వెలుతురే మిగులుతుంది.

జవాబు 2
ఫ్లాష్‌కు నారింజ రంగు జెల్ (వెలుతురు రంగు మార్చే పలుచని పారదర్శక షీటు) తప్పకుండా తగిలించండి. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపుదనం పెరుగుతుంది: ఫ్లాష్ వెలుతురు సుమారు 5500 కెల్విన్, పాతకాలపు పసుపు బల్బులది 3200 లోపే. జెల్ వేసి కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను టంగ్‌స్టన్‌లో (పసుపు బల్బుల సెట్టింగులో) పెడితే రెండూ కలిసిపోతాయి.

జవాబు 3
పెళ్లివారు మాట్లాడుకున్న ఫొటోగ్రాఫర్ దగ్గరా ట్రిగ్గర్ ఉంటుందని మరచిపోవద్దు. మీ ట్రిగ్గర్లు ఒకే రకానివై, చానెల్ ఒకటే అయితే ఆయన బటన్ నొక్కినప్పుడల్లా మీ ఫ్లాష్ వెలిగి, ఆయన ఫొటోలు పాడవుతాయి. ముందే ఆయనతో మాట్లాడి చానెల్ మార్చుకోండి, ఐడీ సౌకర్యం ఉంటే అదీ మార్చండి. ఫ్లాష్‌లోని ఆప్టికల్ స్లేవ్ మోడ్ ఆపేయండి. లేదంటే ఎవరి ఫ్లాష్ మెరిసినా మీదీ మెరుస్తుంది. ఇక చీకట్లో ఫోకస్ కుదరకపోతే నున్నటి బుగ్గ మీద కాకుండా, బొట్టు అంచు మీదో కాసులపేరు మీదో ఫోకస్ పాయింట్ పెట్టండి.