వెబర్ మొదటి క్లారినెట్ కన్చెర్టో: బేర్మన్ చేర్పులున్న రికార్డింగా, లేనిదా?

పాతరికార్డులు: జర్మన్ స్వరకర్త వెబర్ క్లారినెట్‌కు ఆర్కెస్ట్రా తోడుగా రాసిన ఎఫ్ మైనర్ కన్చెర్టో (1811, ఓపస్ 73) రికార్డింగు ఒకటి కొనాలి. మూడు చూసుకున్నాను: బ్లోమ్‌స్టెట్ నిర్వహణలో డ్రెస్డెన్ ఆర్కెస్ట్రాతో సబీనా మేయర్, తపియోలా సిన్ఫోనియెట్టాతో మార్టిన్ ఫ్రోస్ట్, పాతకాలపు తరహా వాద్యంపై ఆంటొనీ పే. వెబర్ రాసినదానికి క్లారినెట్ విద్వాంసుడు బేర్మన్ కలిపిన చేర్పులు వాయించిన రికార్డింగుల జోలికే పోవద్దని ఒక మిత్రుడి హెచ్చరిక. అంత పట్టింపు అవసరమా?

మూలప్రతి: అవసరమే. మ్యూనిక్ ఆస్థాన వాద్యకారుడు హైన్రిఖ్ బేర్మన్ కోసం వెబర్ దీన్ని రాశాడు, నిజమే. కానీ మొదటి భాగంలో పదహారు బార్ల (తాళపు ఆవర్తాల్లాంటి కొలతల) హంగు బేర్మన్ పెట్టింది. చాలాకాలం అందరూ వాయించిన అచ్చుప్రతిని సిద్ధం చేసింది ఆయన కొడుకు కార్ల్. అది 1870 ప్రాంతంలో వెలువడింది. వెబర్ పోయింది 1826లో. కన్చెర్టోను మొదట వాయించిన నాటికి కార్ల్‌కు ఏడాదైనా నిండలేదు! అందులో తండ్రి వాయించినదెంత, కొడుకు కల్పించినదెంత? తేల్చేదెవరు?

సంగతిప్రియ: మూలప్రతి గారూ, త్యాగరాజ కృతికి శిష్యపరంపర చేర్చిన సంగతులన్నీ తీసేసి పాడమంటారా? వెబర్, బేర్మన్ 1811 చివర్లో మొదలుపెట్టి 1812 దాకా ప్రేగ్, డ్రెస్డెన్, బెర్లిన్ అంటూ ఊళ్లు పట్టుకుని కలిసి కచేరీలు చేశారు. స్నేహితుడి వాయింపు నచ్చకుండానే తిరిగాడా? ఆ కాలపు వాద్యకారుడు కాగితం మీద ఉన్నంతే వాయిస్తే శ్రోతలే పెదవి విరిచేవారు.

మూలప్రతి: సంగతులు పాడేవాడు వాటిని తన మనోధర్మంతో మలుచుకుంటాడు. ఇక్కడ జరిగింది అది కాదు. ఒకరు అచ్చువేసిన హంగుల్ని వందేళ్ల పాటు అందరూ అక్షరం పొల్లుపోకుండా వల్లించారు. అదే కాలపు జర్మన్ స్వరకర్త స్పోర్‌ను చూడండి. క్లారినెట్ విద్వాంసుడు హెర్మ్‌స్టెట్ కోసం 1808లో తన మొదటి క్లారినెట్ కన్చెర్టో రాస్తే అప్పటి వాద్యానికి అది లొంగలేదు. సంగీతం మార్చమని అడగకుండా హెర్మ్‌స్టెట్ తన క్లారినెట్‌కే కొత్త మీటలు బిగించుకున్నాడు. గౌరవమంటే అదీ.

సంగతిప్రియ: అది హెర్మ్‌స్టెట్ పట్టుదల. దాన్ని బేర్మన్ మీద రుద్దడమెందుకు? ఆ పదహారు బార్లు లేకుండా విన్నప్పుడల్లా మొదటి భాగం ఆ చోట హడావుడిగా దాటిపోయినట్లుంటుంది నాకు.

రెండోవరుస: నేను క్లారినెట్ వాయిస్తాను. మీ ఇద్దరూ మొదటి భాగం దగ్గరే ఆగిపోయారు. రెండో భాగంలో మూడు హార్న్‌లు మెల్లగా ఎత్తుకుంటాయి, క్లారినెట్ వాటి మధ్యకు వస్తుంది. అక్కడ దాచుకోవడానికి హంగులేవీ లేవు. హార్న్‌ల కన్నా ఒక్క వీసం గట్టిగా ఊదితే ఆ నాలుగు గొంతుల కలయిక చెడిపోతుంది. పాతకాలపు తరహా వాద్యంలో కొన్ని స్వరాలు మసకగా, కొన్ని తేటగా పలుకుతాయి; ఆ తేడా ఇక్కడ అందం. ఆధునిక వాద్యంలో అన్నీ సమంగా పలుకుతాయి కనుక భారమంతా శ్వాస మీదే. రికార్డింగు ఎంచుకోవాలంటే ముందు ఈ చోటు వినండి. చేర్పుల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

పాతరికార్డులు: మూడింటిలోనూ రెండో భాగమే పెట్టి విన్నాను. పే తీసుకుంటున్నాను. మూలప్రతి గారూ, స్పోర్ నాలుగు కన్చెర్టోలకు మైకేల్ కాలిన్స్ బాగుంటాడా, కార్ల్ లైస్టరా?

మూలప్రతి: లైస్టర్. సంగతిప్రియ గారు కాదంటారు, చూడండి.